ఇరవై నాలుగు క్లామిస్‌లు, ఒక సుద్ద బాణం

కుట్టుపని నేర్చుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే ఒక మాట. నేను కోసిన కోట్లు, యూనిఫారాలు, ప్యాంట్లు ఎన్నో నాకే తెలియదు. అందులో చాలావరకు బాగానే కుదిరాయి. బాగా కుదిరినవాటి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. తొడుక్కున్నవాళ్లు అవి పాతబడ్డాక పారేసి ఉంటారు. నేను మీకు చెప్పబోయేది నా చేతి మొదటి కటింగు, నేను పాడుచేసిన కటింగు. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని తలుచుకుంటే సిగ్గుకంటే గర్వమే ఎక్కువ కలుగుతుంది. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

తొంభైల మధ్యలో నేను బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక యూనిఫారాల షాపులో పనిచేసేవాడిని. మా కామారెడ్డి వైపు వాళ్లందరికీ నేను దుబాయిలో ఉన్నట్టే లెక్క. బహ్రెయిన్ వేరే దేశం, నడుమ సముద్రం ఉందని మొదట్లో అందరికీ విడమరిచి చెప్పేవాడిని. నోరు నొప్పెట్టి తర్వాత మానేశాను.

షాపులో మిషన్లు ఎనిమిది, కటింగ్ టేబులు ఒక్కటే. మిషన్ మీద కూర్చునేవాళ్లం ఎంతమందిమున్నా ఆ టేబులు దగ్గర నిలబడే మనిషి ఒక్కడే. ఆయన హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దాయన. అందరం మాస్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన కత్తెరను ఇంకెవరూ ముట్టుకోకూడదు. దారం తెంపుకోవడానికి పొరపాటున దాన్ని అందుకున్నా ఆయన మాట్లాడడు, కళ్లజోడు పైనుంచి చూస్తాడు. ఆ చూపుకు చెయ్యి దానంతటదే వెనక్కు వచ్చేది.

మాస్టర్ సాబ్‌కు ఒక అలవాటు ఉండేది. గుడ్డ తాను విప్పి టేబులు మీద పరచగానే దాన్ని అరచేత్తో రెండుసార్లు నిమిరి, సుద్దతో ఒక చిన్న బాణం గీసేవాడు. అదయ్యాకే టేపు ముట్టేవాడు. కోసిన ప్రతి ముక్క వెనకవైపూ ఆ బాణం ఉండేది. ముక్కలు నా మిషన్ దగ్గరికి రాగానే నేను చేసే మొదటి పని బ్రష్షుతో ఆ బాణాన్ని దులిపేయడం. లేకపోతే సుద్ద పొడి సూదికి పట్టి కుట్టు మాసిపోతుంది. ఆరేళ్లు రోజూ ఎన్ని బాణాలు చెరిపానో లెక్కలేదు.

అది ఎందుకు గీస్తారని నేను ఎప్పుడూ అడగలేదు. మా అందరి నమ్మకం ఏమిటంటే అది కిబ్లా వైపు గుర్తు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. పని మొదలుపెట్టేముందు దేవుణ్ని తలుచుకుని మక్కా ఎటుందో గుడ్డ మీద గీసుకుంటాడని అనుకున్నాం. నా పక్క మిషన్ మీద కాకినాడ వైపు నుంచి వచ్చిన దోస్తు ఉండేవాడు. వాడు గలాలీ ఊళ్లో ఉండే వాళ్ల మేనమామ గదికి పోయినప్పుడల్లా కూడా ఈ సంగతి చెప్పి వచ్చేవాడు. “మా మాస్టారు ఎంత భక్తిపరుడో తెలుసాండీ, గుడ్డకి కూడా మక్కా చూపిస్తారండీ” అనేవాడు. దైవభక్తి విషయంలో ఒకరిని అడిగి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని నేను ఊరుకున్నాను. నా మర్యాద నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి.

ఆ ఏడాది మాస్టర్ సాబ్ కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్‌కు రెండు నెలల సెలవు మీద హైదరాబాదు వెళ్లాడు. వెళ్లేముందు కత్తెరను నూనెగుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, “చిన్న చిన్న పనులు నువ్వు కొయ్యి. పెద్దయి నేనొచ్చినంక చూద్దాం” అన్నాడు. షాపు నడిపే మేనేజరు బొంబాయి మనిషి. ఆయన పద్ధతి ఆయనది. “రెండు నెలలు చూస్తా. పని బాగుంటే టేబులు నీది. లేకుంటే బొంబాయి నుంచి కొత్త మాస్టరును పిలుస్తా. నువ్వు మళ్లీ మిషన్ మీదికి. ఖలాస్” అన్నాడు.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. మిషన్ మీది నుంచి టేబులు మీదికి పోయేవాళ్లు ఆ వయసులోపే పోతారు. దాటితే ఇక పోరు. ఆ రెండు నెలలు నాకు ఏమిటో మీకు వేరే చెప్పక్కరలేదనుకుంటాను.

మొదటి వారంలోనే ఒక టీచరమ్మ వచ్చారు. విజయవాడ ఆవిడ. జింజ్ పేటలో మా గదికి నాలుగు సందుల అవతలే ఉండేవారట. ఆవిడ చరిత్ర చెప్పే స్కూలు యూనిఫారాలన్నీ మా షాపువే, అందుకని మేనేజరు లేచి నిలబడి మరీ కుర్చీ వేశాడు. ఆవిడ ఒక పుస్తకం తెరిచి బొమ్మ చూపించారు. రాతి మనిషి, భుజం మీద ఒక బట్ట, కుడి భుజం దగ్గర గుండ్రటి పిన్ను.

“దీన్ని క్లామిస్ అంటారండీ. గ్రీకుల మాట. తర్వాత రోమన్లు కూడా అదే పేరుతో వాడుకున్నారు. సైనికులు కప్పుకునే పైబట్ట. యుద్ధంలో కప్పుకోవాలి, రాత్రి అదే పరుచుకుని పడుకోవాలి” అన్నారు. “ఎప్పుడో రెండువేల మూడొందల ఏళ్ల కిందట గ్రీకు నావికులు ఈ దీవికి వచ్చారు. ఇక్కడ అప్పట్లో పత్తి పండేదట. అది పిల్లల చేత నాటకం వేయిస్తున్నాం. ఇరవై నలుగురు సైనికులు. ఇరవై నాలుగు క్లామిస్‌లు కావాలి.”

నేను బొమ్మను తిప్పి తిప్పి చూశాను. చేతుల్లేవు, కాలరు లేదు, గుండీ లేదు, కాజా లేదు. పైన కాస్త ఇరుకు, కింద కాస్త వెడల్పు, కింది మూలలు గుండ్రం. అంతే. “గీ పనికి దర్జీ ఎందుకమ్మా?” అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

గుడ్డ కూడా ఆవిడే తెచ్చారు. ఒక పిల్లవాడి తండ్రి గుడ్డల వ్యాపారి, తన దగ్గర మిగిలిన తాను ఒకటి స్కూలుకు ఉచితంగా ఇచ్చాడు. ముదురు ఎరుపు రంగు ఉన్ని గుడ్డ, పెద్ద పన్నా, అంటే వెడల్పు ఎక్కువ. చెయ్యి పెడితే మెత్తగా జారుతుంది. “ఇంకో మీటరు కావాలన్నా దొరకదండీ, జాగ్రత్త” అని మరీ మరీ చెప్పి వెళ్లారు.

మర్నాడు ఉదయం నేను టేబులు ముందు నిలబడ్డాను. మాస్టర్ సాబ్ బాణం గుర్తుకొచ్చింది. ఆయన దేవుడికి ఆయన గుర్తు, నా దేవుడికి నా గుర్తు అనుకున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు పొట్లం విప్పి, గుడ్డ మూలన చిన్న బొట్టు పెట్టాను. కళ్లు మూసుకుని మొక్కాను. కత్తెర పట్టాను.

కటింగ్ మాస్టరు గొప్పతనమంతా గుడ్డ మిగల్చడంలో ఉందని మిషన్ మీద కూర్చునేవాళ్లందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. నాకూ ఉండేది. క్లామిస్ పైన ఇరుకు, కింద వెడల్పు కదా. ఒకటి నిటారుగా, దాని పక్కది తలకిందులుగా పెడితే రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. అలా ఇరవై నాలుగూ గీశాను, కోశాను. చివరకు మూడు మీటర్లు మిగిలింది. దాన్ని మడతపెట్టి మేనేజరు బల్ల మీద పెడుతుంటే నా ఛాతీ ఉబ్బింది. “షాబాష్ భాయ్” అన్నాడు ఆయన. కాకినాడ దోస్తు నా వీపు తట్టి, “ఇంక నువ్వు మాస్టారివే గురూ. మాకు టీ ఎప్పుడు?” అన్నాడు. టీ తాగించాను కూడా.

నాలుగు రోజుల్లో అంచులు కుట్టి, బంగారు రంగు పట్టీ వేసి, ఇస్త్రీ చేసి పంపించాం. షాపు ట్యూబ్‌లైట్ల కింద ఒక్కో క్లామిస్ చూస్తుంటే పెళ్లి బట్టలంత కళగా ఉండేది.

గురువారం సాయంత్రం నాటకం. ఆదివారం మధ్యాహ్నం స్కూలు మైదానంలో రిహార్సలు. ఒంటిగంట అయ్యేసరికి టీచరమ్మ నుంచి ఫోను. మేనేజరు రెండు నిమిషాలు విని ముఖం మాడ్చుకున్నాడు. ఫోను పెట్టి, “సగం వేరే రంగు అంటోంది. నడువు, యల్లా” అన్నాడు.

మైదానం గేటు దగ్గర వ్యాను దిగగానే నాకు కనిపించింది. ఇరవై నలుగురు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, మాకు వీపులు పెట్టి. పన్నెండు వీపులు ఎర్రగా ఉన్నాయి. పన్నెండు వీపులు నల్లటి ఎరుపు, కాలిన బెల్లం రంగు. ఒకటి విడిచి ఒకటి. ఆ ఎండలో చిన్నపిల్లలు కూడా పట్టేసేంత తేడా.

మేనేజరు ఏమాత్రం తడుముకోలేదు. “మేడమ్, ఇది మిల్లు గల్తీ. ఒకే తానులో రెండు రంగులు కలిసినయి. మా దగ్గర ఏమీ తప్పు లేదు” అన్నాడు.

టీచరమ్మ ముఖం వాడిపోయింది. “అయ్యో, ఆయన అంత మంచి మనసుతో ఇచ్చారే. పాత సరుకు అంటగట్టాడని స్కూల్లో అప్పుడే అనేస్తున్నారండీ. నేనే కాదని వాదించాను. ఇప్పుడు ఆయనకి ఏం చెప్పను? వాళ్ల పాప కూడా ఆ వరసలోనే ఉంది” అన్నారు.

ఆవిడ అలా అంటుండగానే నేను వరస దగ్గరికి పోయి ఒక నల్ల క్లామిస్ మీద చెయ్యి వేశాను. పైనుంచి కిందికి నిమిరాను. అరచేతికి గరుకుగా తగిలింది. పక్కన ఉన్న ఎర్రదాన్ని నిమిరాను. పిల్లి వీపులాగా జారిపోయింది. మళ్లీ నల్లదాన్ని కింది నుంచి పైకి నిమిరితే అదీ జారింది. రెండూ ఒకటే గుడ్డ. ఒకటి తలకిందులుగా ఉంది, అంతే.

ఇలాంటి ఉన్ని గుడ్డకు పైన మెత్తటి నూగు ఉంటుంది. ఆ నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. వాలిన వైపు నుంచి చూస్తే ఒక రంగు, ఎదురుగా చూస్తే ఇంకో రంగు. ట్యూబ్‌లైటు కింద తెలియదు, ఎండ దాచదు. నా అరచెయ్యి ఇంకా ఆ గుడ్డ మీదే ఉంది. గుడ్డ పరచగానే అరచేత్తో రెండుసార్లు నిమిరి, సుద్ద అందుకునే మాస్టర్ సాబ్ కళ్లముందు కదిలాడు. అది కిబ్లా కాదు. నూగు ఎటు పోతుందో గుర్తు. ఆరేళ్లు నేను బ్రష్షుతో దులిపేసింది అది. దాని బదులు నేను పసుపు బొట్టు పెట్టాను.

ఏడవాలో నవ్వాలో తెలియని పరిస్థితి అంటారే, నిజంగా అదే.

మేనేజరు నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. “నోరు తెరవకు. మిల్లు పేరు చెప్పినం, అయిపోయింది. నువ్వు నోరు తెరిస్తే టేబులు సంగతి మర్చిపో.”

ఆ క్షణంలో నేనేదో మహాత్ముడిలా ఆలోచించానని చెప్పను. నాకు భయమే వేసింది. మళ్లీ మిషన్ మీదికి పోవడం, ఇంకొకడి కత్తెరను చూస్తూ ఇరవై ఏళ్లు కూర్చోవడం కళ్లముందు కనిపించింది. కానీ ఆ వరసలో ఎవరో ఒక పాప ఉంది, వాళ్ల నాన్న ఇచ్చిన గుడ్డ మంచిది. దానికి ఏ తప్పూ లేదని ఆ మైదానంలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మంచి గుడ్డను చెడ్డదని ఎట్లా అనడం? దర్జీని కదా నేను.

“అమ్మా, గుడ్డది తప్పు గాదు. తప్పు నాది” అన్నాను. “నేను సగం ఉల్టా కోసిన. సూడుండ్రి, మీరే సెయ్యి పెట్టి సూడుండ్రి.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నంత పని చేసి రెండు క్లామిస్‌లూ నిమిరించాను. ఆవిడ రెండుసార్లు, మూడుసార్లు నిమిరారు. పిల్లలు కూడా వెనక్కు తిరిగి ఒకరి వీపు ఒకరు నిమురుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు వ్యాను వైపు నడిచి వెళ్లిపోయాడు.

“తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమేనండీ” అన్నారు ఆవిడ, “కానీ నాకు గురువారానికి ఏం చేస్తారు?”

అదిగో, ఆ ప్రశ్న నన్ను నిలబెట్టింది. ఏడుస్తూ కూర్చునే వీలు లేకుండా చేసింది. నేను వరసను మళ్లీ చూశాను. పిల్లలందరూ ఒకే ఎత్తు కాదు. పెద్ద అంగీని చిన్న అంగీగా మార్చవచ్చు, చిన్నదాన్ని పెద్దది చేయలేం. ఇది మిషన్ మీద మొదటి నెలలోనే నేర్చుకుంటాం. నల్లవాటిని తలకిందులు చేస్తే నూగు సరైన వైపుకు వస్తుంది. వెడల్పు అంచు పైకొస్తుంది కాబట్టి దాన్ని తిన్నగా కోసి, పైన రెండు పక్కలూ ఇరుకు చేసి, కింద మూలలు కొత్తగా గుండ్రం చేయాలి. ఒక జానెడు పొడవు, కొంచెం వెడల్పు పోతాయి. పొట్టి పిల్లలకు సరిపోతుంది.

“పొట్టిగున్న పన్నెండు మందిని ఇటు నిలబెట్టుండ్రి అమ్మా” అన్నాను. టేపు తీశాను. పదకొండు మందికి కొలత కుదిరింది. పన్నెండో పాప దగ్గర ఆగింది. ఆ పాప అంత పొట్టి కాదు. చిన్న చేసిన క్లామిస్ ఆమె మీద తువ్వాలు వేసినట్టే ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఛాతీ ఉబ్బించుకుని మేనేజరు బల్ల మీద పెట్టిన మూడు మీటర్లు. ఒక పూర్తి క్లామిస్‌కు అది చాలు. నన్ను ముంచిన గుడ్డే నన్ను ఒడ్డుకు చేర్చడానికి అక్కడ మడతపెట్టి కూర్చుని ఉంది.

ఆ సాయంత్రమే ఫోను కార్డు కొనుక్కుని హైదరాబాదుకు ఫోను చేశాను. మాస్టర్ సాబ్ కంటికి కట్టుతో ఉన్నాడట. అంతా విన్నాడు. కిబ్లా మాట చెప్పగానే చాలాసేపు నవ్వాడు. కార్డులో నిమిషాలు అయిపోతున్నా నేను ఆపలేదు.

“అరే బేటా, గుడ్డకు నమాజు ఎందుకురా?” అన్నాడు. తర్వాత గొంతు మార్చి, “ఆరేండ్లు నా పక్కనే ఉన్నవు. నువ్వు అడగలె. నేను గూడ చెప్పలె. అడిగితే చెప్తా అని కూసున్న. ఈ గల్తీల సగం నాది” అన్నాడు. ఆ మాటతో నా గుండె మీద బండ ఎవరో ఎత్తేసినట్టయింది. చివర్లో, “తిప్పి కోసేటప్పుడు ముందు పట్టీ మొత్తం ఇప్పు. కుట్లు లాగకు, బ్లేడుతోని తెంపు. ఉన్ని సాగుతది” అని చెప్పాడు. తప్పు గురించి రెండు ముక్కలు, పని గురించి పది ముక్కలు. నిజమైన మాస్టరు అలాగే మాట్లాడతాడు.

సోమ, మంగళ, బుధ. షాపు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూస్తారు. అందరూ గదులకు పోయి అన్నం తిని పడుకునే వేళ అది. ఆ మూడు రోజులూ ఎవరూ పోలేదు. నేను ఎవర్నీ అడగలేదు. సోమవారం నేనొక్కణ్నే షట్టరు సగం దించుకుని కుట్లు విప్పుతుంటే, కాకినాడ దోస్తు కింది నుంచి దూరి లోపలికి వచ్చాడు. చేతిలో పెరుగన్నం డబ్బా.

“నువ్వు టీ ఇప్పించావు కదా గురూ, అది అరగాలి కదా” అని బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. మంగళవారానికి ఎనిమిది మిషన్లూ తిరుగుతున్నాయి. మేనేజరు ఆ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. కానీ బుధవారం మధ్యాహ్నం ఏసీ ఆపకుండా వదిలేసి వెళ్లాడు. అది ఆయన భాషలో చాలా పెద్ద మాట.

నేను మాత్రం కత్తెర పట్టేముందు ఒక్కో గుడ్డనూ నిమిరి, సుద్దతో బాణం గీశాను. పదకొండు బాణాలు. పన్నెండోది మూడు మీటర్ల ముక్క మీద.

గురువారం సాయంత్రం ఎండ ఇంకా మైదానం మీదే ఉంది. నేను, దోస్తు గోడ పక్కన నిలబడ్డాం. ఇరవై నలుగురు సైనికులు చెక్క పడవ దిగి వరసగా నడిచారు. పెద్దవాళ్లు వెనక, చిన్నవాళ్లు ముందు. సూర్యుడు పక్క నుంచి కొడుతున్నాడు. నేను ఒక్కో వీపూ లెక్కపెట్టాను. ఇరవై నాలుగూ ఒకటే ఎరుపు. గాలికి అన్నీ ఒకటేసారి లేచాయి, ఒకటేసారి దిగాయి. చేతుల్లేని, కాలరు లేని, గుండీ లేని ఆ బట్టను చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దర్జీ ఎందుకని అడగబోయిన మనిషిని నేనే.

టీచరమ్మ ముందు వరసలో ఒకాయనను చూపించి ఏదో చెబుతున్నారు. గుడ్డ ఇచ్చిన తండ్రి అయి ఉండాలి. ఆయన లేచి మా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. ఆ రోజు నా పక్కన ఎవరైనా కొలత టేపు పెట్టి ఉంటే నా ఎత్తు ఒక అంగుళం పెరిగి ఉండేది.

ఇక టేబులు సంగతి. మేనేజరు బొంబాయికి కబురు పంపనూ లేదు, టేబులు నాదని చెప్పనూ లేదు. నెలన్నర తర్వాత మాస్టర్ సాబ్ తిరిగి వచ్చాడు. ఒక కన్ను బాగా కుదిరింది, రెండోది అంతంతమాత్రం. వచ్చిన రోజే షాపులో అందరి ముందూ అడిగాడు. “ఆ నల్లది ఏదిరా?” పన్నెండింటిలో ఒకటి తిప్పకుండా మిగిలిపోయింది కదా. దాన్ని నేను టేబులు వెనక మేకుకు తగిలించి ఉంచాను. ఆయన పోయి కళ్లు మూసుకుని దాన్ని నిమిరాడు. పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి. తల ఊపాడు.

తర్వాత కొత్త తాను ఒకటి టేబులు మీద పరిచాడు. కత్తెర తీసి నా వైపు పెట్టాడు, పట్టుకునే వైపు నాకు వచ్చేలా. “నాకు నూగు చెయ్యికి తెలుస్తది, కంటికి గీత కనపడదు. ఇగ నువ్వు కొయ్యి, నేను పక్కన కూసుంట” అన్నాడు. మేనేజరు వింటూనే ఉన్నాడు. సరేనన్నట్టు తల ఊపి తన బల్ల దగ్గరికి పోయాడు.

నేను గుడ్డ నిమిరాను. బాణం గీశాను. కత్తెర అందుకోబోతుంటే మాస్టర్ సాబ్ నా చెయ్యి ఆపాడు.

“నీ పసుపు ఏదిరా?”

నేను సిగ్గుపడి నవ్వాను. ఆయన నవ్వలేదు. పొట్లం తెచ్చేదాకా కత్తెర మీది నుంచి చెయ్యి తీయలేదు. బాణం పక్కన బొట్టు పెట్టాను. ఆయన తల వంచి దగ్గరగా చూసి, సరే అన్నట్టు చెయ్యి తీశాడు.

ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా నేను కోసిన ప్రతి తాను మీదా ఆ రెండు గుర్తులూ ఉన్నాయి. వాటిని బ్రష్షుతో దులిపేముందు ఇదేమిటి మాస్టారూ అని అడిగిన ప్రతివాడికీ, పని ఆపి, చెయ్యి పట్టుకుని గుడ్డ నిమిరించి మరీ చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.